మూడు కాళ్ళ జిగ్, నాలుగో కాలు: టూల్‌రూమ్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డ్రిల్లింగ్ జిగ్‌ల గురించే. జాబ్‌ని, అంటే హోల్ వేయాల్సిన ముక్కని, పట్టుకుని డ్రిల్‌కి దారి చూపేది జిగ్. ఆ దారి చూపే గొట్టం బుష్. అందుకని మిగతావన్నీ వచ్చే సంచికకి జరిపేశాను. 1979లో బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో అప్రెంటిస్‌గా చేరినప్పుడు నాకు అప్పజెప్పిన మొదటి పని, డ్రిల్లింగ్ మిషన్ల దగ్గర జిగ్‌ల కింద చేరిన ఇనుప రజను (చిప్స్ అంటాం) బ్రష్‌తో ఊడ్చడం. ఇంజన్ విప్పడానికి వచ్చినవాడికి చీపురు ఇచ్చారేమిటని ఇంటికెళ్ళి అమ్మతో పోట్లాడాను. ఆ రజను సంగతి కింద రెండు మూడు చోట్ల వస్తుంది.

మాస్టారూ, కాస్టింగ్ ఫ్లాంజ్‌లు (బోల్టులతో జతగా బిగించే పోత బిళ్ళలు) 400 జతలు ఆర్డర్ తీసుకున్నాం. 140 మి.మీ. పి.సి.డి. (హోల్స్ మధ్యలన్నీ పడే వృత్తం వ్యాసం) మీద 11 మి.మీ. హోల్స్ ఆరు, ఎం10 బోల్టులు. రెండు ఫ్లాంజ్‌లకీ ఒకటే ప్లేట్ జిగ్ వాడాం. జత కలిపితే ఒక వైపు పెట్టినప్పుడు ఆరు బోల్టులూ దిగుతున్నాయి. ఒక హోల్ అవతలికి తిప్పి పెడితే నాలుగు దిగి రెండు పట్టేస్తున్నాయి. కొన్ని జతలైతే ఎటు తిప్పినా అంతే. జిగ్ వాడితే అన్నీ ఒకేలా రావాలి కదా?
*– షెడ్ యజమాని, ఆటోనగర్, విజయవాడ*

అన్నీ ఒకేలా వచ్చాయి కాబట్టే మీకు ఈ తంటా. జిగ్‌కి మంచీ చెడూ తెలీదు. మీరు దానికి ఏ కొలత నేర్పితే 400 సార్లూ అదే అప్పజెబుతుంది.

మీరు రాసిన లక్షణంలోనే రోగం ఉంది. ఒక వైపు పెడితే ఆరూ దిగుతున్నాయి, తిప్పితే సరిగ్గా రెండే పడుతున్నాయి అంటున్నారు. అంటే ఆరు బుష్‌లలో ఐదు బాగానే ఉన్నాయి, ఒకటి తప్పింది. అదీ పక్కకి కాదు, బయటికో లోపలికో తప్పింది. పక్కకి జరిగి ఉంటే, జత కలిపినప్పుడు ఒక ఫ్లాంజ్ బోర్లా తిరుగుతుంది కాబట్టి ఒక దాంట్లో కుడికి, రెండో దాంట్లో ఎడమకి పోయి తేడా రెట్టింపయ్యేది, అవి రెండూ ఎదురైన చోట కూడా బోల్టు దిగేది కాదు. బయటికి జరిగిన హోల్‌కి బయటికి జరిగిన హోలే ఎదురైతే తప్పు దాక్కుంటుంది. తిప్పగానే రెండు చోట్ల బయటపడుతుంది.

దాన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. 11 మి.మీ. గ్రౌండ్ పిన్‌లు రెండు తీసుకుని పక్కపక్క బుష్‌లలో దించండి. ఆరు హోల్స్ ఉన్నప్పుడు పక్కపక్క హోల్స్ మధ్య దూరం సరిగ్గా పి.సి.డి.లో సగం, అంటే 70. పిన్‌ల బయటి అంచుల మీద వెర్నియర్ పెడితే 81 రావాలి. ఎదురెదురు బుష్‌ల మీద పెడితే 151. ఇలా ఆరు పక్క కొలతలు, మూడు అడ్డ కొలతలు రాసుకోండి. ఒక బుష్‌కి రెండు పక్కలా 81 కంటే సమానంగా ఎక్కువ వచ్చి, ఎదురు కొలత 151 దాటితే అదే మీ దొంగ. ఒక పక్క పెరిగి ఇంకో పక్క తగ్గితే అది పక్కకి జరిగిన కేసు.

ఒక మాట అడగకుండా ఉండలేను. ఎం10 బోల్టుకి 11 హోల్ అంటే ఒక మి.మీ. వెసులుబాటు ఉంది. అది కూడా చాలలేదంటే ఆ ప్లేట్‌ని స్క్రైబర్‌తో గీసి, పంచ్ కొట్టి, చేత్తో డ్రిల్ చేసి ఉంటారు. జాబ్ మీద ఉన్న టాలరెన్స్‌లో (కొలతలో ఒప్పుకునే తేడాలో) మూడో వంతో ఐదో వంతో జిగ్‌లో ఉండాలి. జాబ్ ఎంత గురిగా రావాలో జిగ్‌ని కూడా అంతే గురిగా చేస్తే మిగతా తప్పులకి చోటేది?

ఇక ఎటు తిప్పినా దిగని జతల సంగతి. దానికి బుష్‌ల మీద నేరం మోపకండి. జిగ్ ప్లేట్‌ని ఫ్లాంజ్ బయటి చుట్టు మీద కూర్చోబెట్టారు, అవునా? కాస్టింగ్ బయటి చుట్టు ఇసుక అచ్చులోంచి వచ్చింది వచ్చినట్టే ఉంటుంది. ఒకటి 190 ఉంటే ఇంకొకటి 192. ఒక పక్క పార్టింగ్ లైన్, అంటే అచ్చు రెండు సగాలు కలిసిన చోటి గీత, లేచి ఉంటుంది. ఆరు హోల్స్ గుంపుగా ఒక పక్కకి వెళ్ళిపోతాయి. మీ ఫ్లాంజ్‌లో మెషినింగ్ అయిన చోటు మధ్య బోర్ ఒక్కటే. కాబట్టి జిగ్ కింద ఒక స్పిగాట్ (గుండ్రంగా పొడుచుకు వచ్చిన భాగం) పెట్టి దాన్ని ఆ బోర్‌లోకి దించండి. మొదటి హోల్ అయ్యాక దాంట్లో పిన్ వేసేయండి, ఎదురు హోల్ చేసి దాంట్లో కూడా పిన్ వేయండి, ఆ తర్వాతే మిగతా నాలుగు. పెళ్ళికొడుకుని పీట మీద సరిగ్గా కూర్చోబెట్టకుండా తాళి ఎక్కడ పడిందని పంతులుగారిని అంటే ఏం లాభం?

సార్, జిగ్‌కీ ఫిక్స్చర్‌కీ తేడా రెండు వాక్యాల్లో చెప్పండి. వైవా ఉంది.
*– ఐ.టి.ఐ. విద్యార్థి, వరంగల్*

జిగ్ జాబ్‌ని పట్టుకుని, డ్రిల్‌కి దారి కూడా చూపిస్తుంది. ఫిక్స్చర్ పట్టుకుంటుంది అంతే, కట్టర్ ఎక్కడికి వెళ్ళాలో మిషన్ చూసుకుంటుంది. రెండు వాక్యాలు అయిపోయాయి తమ్ముడూ. ఇక నా తరఫున ఇంకొకటి: మీ వర్క్‌షాప్‌లో బీరువా మీద దుమ్ము పట్టిన జిగ్ ఒకటి ఉండే ఉంటుంది, దాన్ని దించి ఒకసారి విప్పి బిగించు. వైవాలో నీ గొంతు మారిపోతుంది. టూల్‌రూమ్ పని మీద నిజంగా మనసుంటే బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. అక్కడ టూల్, డై, మౌల్డ్ మేకింగ్‌లో డిప్లొమా చెబుతారు. దాని సంగతి కూడా కనుక్కో.

నేను టూల్ డిజైన్‌లో కొత్తగా చేరాను. ఒక బాక్స్ జిగ్‌కి మూడు కాళ్ళు పెట్టాను, ఎందుకంటే మూడు కాళ్ళున్నది ఎక్కడ పెట్టినా ఊగదు. మా సీనియర్ డ్రాయింగ్ కొట్టేసి నాలుగు పెట్టమన్నారు. కారణం అడిగితే "పెట్టు" అన్నారు. నాలుగు కాళ్ళు ఒకే ఎత్తుకి గ్రైండ్ చేయడం కష్టం కాదా?
*– చర్లపల్లి, హైదరాబాద్*

మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. సరిగ్గా ఇదే తప్పు నేను 1984లో చేశాను, ఇదే వాదనతో. మా ఊళ్ళో మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ ఎప్పుడూ ఊగలేదు కదా అని మా ఫోర్‌మన్‌గారితో అన్నాను. ఆయన ఏమీ అనలేదు. "సరే, చెయ్యి" అన్నారు. అలా ఊరుకుంటే నెగ్గాననుకున్నాను.

ఆ జాబ్ ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, మెత్తటి ఉక్కు) బ్రాకెట్. 48 మి.మీ. లోతుకి 8 మి.మీ. హోల్ ఒకటి. జిగ్ చూడముచ్చటగా వచ్చింది, నేనే ఆయిల్ రాసి మిషన్ దగ్గర పెట్టి వచ్చాను. సాయంత్రానికి 60 పీసులు అయ్యాయి. మర్నాడు ఇన్‌స్పెక్షన్‌లో హోల్‌లో పిన్ పెట్టి, పక్కన ట్రై స్క్వేర్ ఆనించి చూస్తే పిన్‌కీ స్క్వేర్‌కీ మధ్య వెలుతురు కనబడింది. అన్నీ వాలలేదు. మొదటి పదిహేనూ నిటారుగా ఉన్నాయి, ఆ తర్వాతవన్నీ ఒకే పక్కకి వాలాయి. టేబుల్ మీద చూస్తే ఒక కాలు కింద అర మి.మీ. మందాన చిప్పు అతుక్కుని ఉంది. ఎవరూ చూడలేదు, ఎందుకంటే జిగ్ ఊగలేదు. మూడు కాళ్ళది కదా, చిప్పు మీదైనా బుద్ధిగా కూర్చుంది.

లెక్క వేయండి. కాళ్ళ మధ్య 120 మి.మీ., ఒక కాలు అర మి.మీ. లేచింది. 48 మి.మీ. లోతులో హోల్ 0.2 మి.మీ. పక్కకి పోయింది. ఆ బ్రాకెట్‌కి అది చాలా ఎక్కువ. పైగా డ్రిల్ నిటారుగా దిగుతుంటే బుష్ వాలి ఉంది, బుష్ మూతి ఒక పక్క అరిగిపోయింది కూడా.

ఫోర్‌మన్‌గారు తిట్టలేదు. జిగ్ తీసుకెళ్ళి నాలుగో కాలు పెట్టించి, అదే చిప్పుని మళ్ళీ కాలు కింద పెట్టి, నా చేతికిచ్చి కదపమన్నారు. టకటకమని కొట్టుకుంది. చెవిటివాడికైనా చేతికి తెలుస్తుంది. కాళ్ళు నాలుగు పెట్టేది ఊగకుండా ఉండటానికి కాదు, చెత్త చేరినప్పుడు ఊగి చెప్పడానికి.

నాలుగూ ఒకే ఎత్తుకి రావడం కష్టమేమీ కాదు. కాళ్ళన్నీ బిగించాక జిగ్‌ని బోర్లించి, సర్ఫేస్ గ్రైండర్ మీద ఒకే పాస్‌లో నాలుగింటినీ దువ్వేయండి. కాలు వెడల్పు మిషన్ టేబుల్ టీ-స్లాట్ కంటే ఎక్కువ ఉండేలా చూసుకోండి, లేకపోతే కాలు స్లాట్‌లో దిగబడుతుంది. ఇంకో మాట, డ్రిల్ తోసే చోటు ఆ నాలుగు కాళ్ళ లోపలే పడాలి. బయట పడితే ఎన్ని కాళ్ళున్నా జిగ్ తలకిందులవుతుంది.

మీ సీనియర్ కారణం చెప్పి ఉండాల్సింది. ఆయనకి కూడా ఎవరో "పెట్టు" అనే చెప్పి ఉంటారు.

మా జాబ్‌లో ముందే రెండు 12 మి.మీ. రీమ్డ్ (రీమర్‌తో సరైన కొలతకి నునుపు చేసిన) హోల్స్ ఉంటాయి, మధ్య దూరం 100. జిగ్‌లో రెండు పిన్‌లు పెట్టి వాటి మీద జాబ్ కూర్చోబెడుతున్నాం. పది పీసుల్లో నాలుగు కూర్చోవు. సుత్తితో కొట్టాల్సి వస్తోంది. పిన్‌లు రెండూ కొంచెం సన్నం చేయమంటారా?
*– గాజువాక, విశాఖపట్నం*

సుత్తి తీసి లోపల పెట్టండి ముందు. పిన్‌లు రెండూ సన్నం చేస్తే జాబ్ కూర్చుంటుంది నిజమే, కానీ కుర్చీలో కుదురుగా కూర్చోని పిల్లాడిలా అటూ ఇటూ జరుగుతుంది. రెండో పిన్‌ని మాత్రం డైమండ్ పిన్ చేయండి. అంటే గుండ్రటి పిన్‌కి రెండు పక్కలా గ్రైండ్ చేసి, ఎదురెదురుగా రెండు సన్నటి అంచులు మాత్రం మిగల్చడం. జాబ్‌లో దూరం 100 కాకుండా 99.95 వచ్చినా 100.05 వచ్చినా ఆ గ్రైండ్ చేసిన పక్కల్లో సర్దుకుంటుంది.

అది ఎటు పెట్టాలన్నది మాత్రం జాగ్రత్త. గ్రైండ్ చేసిన పక్కలు మొదటి పిన్ వైపు చూడాలి. మిగిలిన అంచులు రెండు పిన్‌లనీ కలిపే గీతకి అడ్డంగా ఉండాలి, జాబ్ తిరగకుండా ఆపేవి అవే. తొంభై డిగ్రీలు తిప్పి కొట్టేసిన జిగ్‌లు చాలా చూశాను. అలా పెడితే జాబ్ కూర్చోవడానికి అప్పటిలాగే మొరాయిస్తుంది, కూర్చున్నది తిరిగిపోతుంది. రెండు పిన్‌లకీ పైన కాస్త కోన్ తీయండి. ఒకదాన్ని రెండు మూడు మి.మీ. పొడవుగా ఉంచండి. ముందు ఒక హోల్ దొరికితే రెండోది వెతుక్కోవడం తేలిక, ఆపరేటర్ మిమ్మల్ని తిట్టుకోడు.

10 మి.మీ. డ్రిల్ ఎమ్మెస్‌లో వేస్తుంటే బుష్‌లోంచి పొగ వస్తోంది, కీచుమంటోంది. రెండు డ్రిల్స్ పట్టేసి విరిగాయి. బుష్ జాబ్‌కి ఆనించి పెట్టాం. దగ్గరగా ఉంటే గురి బాగుంటుందని.
*– జీడిమెట్ల*

గురి బాగుంటుంది, చిప్స్ ఎటు పోవాలి? దారి లేక బుష్ లోపలి నుంచే పైకి ఎక్కుతున్నాయి. ఎమ్మెస్ చిప్పు జడలా పొడుగ్గా వస్తుంది. అది బుష్ గోడకీ డ్రిల్‌కీ మధ్య నలిగితే పొగ రాక ఏమొస్తుంది? ఎమ్మెస్‌కి బుష్‌కీ జాబ్‌కీ మధ్య డ్రిల్ సైజంత సందు వదలండి, ఒకటిన్నర రెట్లైనా ఫరవాలేదు. మీకైతే 10 నుంచి 15 మి.మీ. కాస్ట్ ఐరన్ పొడిలా రాలుతుంది కాబట్టి సగం చాలు. ఏటవాలు ముఖం మీదో గుండ్రటి షాఫ్ట్ మీదో హోల్ వేసేటప్పుడు మాత్రం బుష్‌ని దగ్గరికి తేవాలి, లేకపోతే డ్రిల్ జారుతుంది. అక్కడ పొగని కూలెంట్‌తో, మధ్యమధ్యలో డ్రిల్ పైకి తీయడంతో భరించాలి.

బుష్ పొడవు డ్రిల్ సైజుకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చాలు. పొడవెక్కువైతే రాపిడి ఎక్కువ. స్పీడ్ కూడా చూడండి, హెచ్.ఎస్.ఎస్. (హైస్పీడ్ స్టీల్) 10 మి.మీ. డ్రిల్‌కి ఎమ్మెస్‌లో 800 ఆర్.పి.ఎం. దగ్గర మొదలుపెట్టండి. బుష్ మెత్తటి ఎమ్మెస్‌తో చేయించారేమో కూడా కనుక్కోండి. హార్డెన్ చేసి 60 హెచ్.ఆర్.సి. (ఉక్కు గట్టిదనం కొలిచే రాక్‌వెల్ అంకె) పైన లేని బుష్‌ని డ్రిల్ అంచు తినేస్తుంది.

హోల్ అవతలికి దిగే చోట జిగ్‌లో చిన్న గాడి ఉందా? లేకపోతే కింద లేచిన బర్ (హోల్ అంచున మిగిలే పదునైన గరుకు) జిగ్‌కి పట్టుకుని జాబ్ బయటికి రాదు. మళ్ళీ సుత్తి. ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం సుత్తి దగ్గరే ఆగుతున్నాయి.

నేను కార్పెంటర్‌ని. వార్డ్‌రోబ్‌లకి కన్సీల్డ్ హింజెస్ వేస్తాను. ఒక్కో తలుపుకీ కొలిచి గీసేసరికి పొద్దుపోతోంది. ఇనుప పనివాళ్ళ జిగ్ మాకు పనికొస్తుందా?
*– రాజమండ్రి*

భేషుగ్గా పనికొస్తుంది. 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క ఒకటి తీసుకుని దాంట్లో 35 మి.మీ. హోల్ వేయండి. హోల్ మధ్య తలుపు అంచు నుంచి 22 మి.మీ.లో పడేలా ఒక పక్క బద్ద కొట్టండి. కప్పుకీ అంచుకీ మధ్య నాలుగున్నర మి.మీ. మిగులుతుంది. మీ హింజ్ కంపెనీ కాగితంలో ఇంకో అంకె ఉంటే అదే పెట్టండి. ఇంకో పక్క బద్ద తలుపు పై అంచుకి ఆనాలి. ఎడమ తలుపుకీ కుడి తలుపుకీ బోర్లించి వాడుకునేలా బద్దలు రెండు వైపులా పొడుచుకు వచ్చేలా చేసుకోండి. ప్లైవుడ్ హోల్ పాతిక ముప్ఫై తలుపులకే అరిగి పెద్దదైపోతుంది. లేత్ దగ్గర ఒక ఇనుప రింగ్ చేయించి దాంట్లో దిగ్గొట్టండి, అదే మీ బుష్.

షెల్ఫ్ పిన్‌లకి 32 మి.మీ. దూరంలో హోల్స్ వేసేటప్పుడు చిన్న జిగ్ పెట్టి, చివరి హోల్‌లో పిన్ వేసి జరుపుకుంటూ పోతారు చాలామంది. జరిపిన ప్రతిసారీ తప్పు కొంచెం కొంచెం పోగవుతుంది. రెండు పక్క పలకలకీ కింది నుంచే మొదలుపెడితే తప్పైనా రెండు పక్కలా సమానంగా ఉంటుంది, షెల్ఫ్ వాలదు. ఒకటి కింది నుంచి, ఒకటి పై నుంచి మొదలుపెట్టారో, షెల్ఫ్ మీద పెట్టిన గోళీ దొర్లుతుంది.

వి.ఎం.సి. మిషన్లు (కంప్యూటర్‌తో నడిచే వర్టికల్ మెషినింగ్ సెంటర్లు) వచ్చాక ఇంకా జిగ్‌లేంటి సార్? మా నాన్నగారు కొత్త జిగ్‌కి 18,000 పెడదామంటున్నారు.
*– బాలానగర్*

కాగితం తీసుకోండి. గీత గీసి, పంచ్ కొట్టి, డ్రిల్ చేస్తే పీసుకి 14 నిమిషాలు అనుకుందాం. జిగ్‌తో 5. మిగిలేది 9 నిమిషాలు. మనిషీ మిషనూ కలిపి గంటకి 200 పడితే పీసుకి 30 రూపాయలు మిగిలాయి. 18,000 రాబట్టుకోవడానికి 600 పీసులు కావాలి. మీ ఆర్డర్ 200 అయితే నాన్నగారికి నచ్చజెప్పండి. 2,000 అయితే మీరే ఒప్పుకోండి. వి.ఎం.సి.కి గంట రేటు ఎంత పడుతుందో మీకే తెలుసు, అదే లెక్కలో వేసి చూడండి. వి.ఎం.సి. ఖాళీగా ఉంటే సంగతి వేరు. అది డై పనిలో బిజీగా ఉంటే దాని మీద పది రూపాయల హోల్స్ వేయడం ఎడ్లబండి పనికి ఏనుగుని కట్టడమే.

నా మాట అడిగితే వి.ఎం.సి. జిగ్‌కి శత్రువు కాదు, జిగ్ ప్లేట్ దాని మీదే చేయించండి. మా రోజుల్లో జిగ్ బోరింగ్ మిషన్ (హోల్స్‌ని కచ్చితమైన చోట బోర్ చేసేది) లేని షెడ్లలో టూల్‌మేకర్ బటన్‌లతో చేసేవాళ్ళం. హార్డెన్ చేసి గ్రైండ్ చేసిన చిన్న స్టీల్ బిళ్ళలు అవి. ప్లేట్ మీద స్క్రూతో వదులుగా బిగించి, చెక్క సుత్తితో తట్టుతూ, బిళ్ళల మీద మైక్రోమీటర్ పెట్టి కొలత కుదిరేదాకా జరిపేవాళ్ళం. (సుత్తిని మెచ్చుకునేది ఈ ఒక్క చోటే.) తర్వాత ప్లేట్‌ని లేత్ ఫేస్‌ప్లేట్ మీద కట్టి, బిళ్ళ మీద డయల్ ముల్లు కదలకుండా నిలిచేదాకా సర్ది, బిళ్ళ తీసేసి అక్కడ బోర్ చేసేవాళ్ళం. ఒక్క హోల్‌కి గంట, ఒక్కోసారి పూట. దాన్ని మళ్ళీ తేవాలని నాకేం ముచ్చట లేదు.

మా ఆయన డ్రిల్లింగ్ మిషన్ మీద పని చేస్తారు. చేతులకి గ్లవ్స్ కొనిచ్చాను, వేసుకోరు. వేళ్ళు ఎప్పుడూ కోసుకుని వస్తారు. మీరైనా చెప్పండి.
*– ఒక పాఠకురాలు, ఖమ్మం*

అమ్మా, ఈ విషయంలో ఆయనే కరెక్ట్. తిరిగే డ్రిల్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదు. వట్టి చేతికి చిప్పు తగిలితే గీసుకుంటుంది. గ్లవ్ దారం డ్రిల్‌కి చుట్టుకుంటే చేతిని కూడా లోపలికి లాగేస్తుంది. వదిలించుకునే వ్యవధి ఉండదు. పొడుగు చేతుల చొక్కా, ఎండాకాలం చెమట తుడుచుకోవడానికి మెడలో వేసుకునే తువ్వాలు, అవి కూడా అంతే ప్రమాదం. తువ్వాలు మాత్రం మీరు దాచేయండి.

ఆయన జిగ్‌ని చేత్తో పట్టుకుని డ్రిల్ చేస్తున్నారేమో అడగండి. డ్రిల్ పట్టేసిందంటే జిగ్ దాంతో పాటు గిర్రున తిరుగుతుంది. పైనుంచి చూస్తే డ్రిల్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది కాబట్టి, జిగ్ పొడుగు భాగాన్ని ఎడమ పక్కకి పెట్టి మిషన్ స్తంభానికి ఆనించుకోవాలి. అప్పుడు తిరగబోయినా స్తంభమే ఆపుతుంది. టేబుల్‌కి ఒక స్టాపర్ బిగించుకుంటే ఇంకా మంచిది.

వేళ్ళు కోసుకోవడానికి కారణం గ్లవ్స్ లేకపోవడం కాదు, చిప్స్‌ని చేత్తో తీయడం. పాత పెయింట్ బ్రష్ ఒకటి జేబులో పెట్టి పంపండి. మిషన్ ఆపి, జిగ్ ఎత్తి, నాలుగు కాళ్ళ కిందా దాంతో ఊడవమనండి.